చలికాలం ఇల్లంతా తలనొప్పి: కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడి నుంచి వస్తోంది?

సమస్య: ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. జ్వరం లేదు. బయట కాసేపు తిరిగితే తగ్గుతుంది, లోపలికొస్తే మళ్లీ మొదలు. ఇవి రంగు, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ లక్షణాలు కావచ్చు.

మాత్ర వేసుకుని పడుకోకండి. అందరూ బయటికొచ్చి, అక్కడి నుంచే అంబులెన్సుకు ఫోన్ చేయండి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కేస్తుంది. రక్తపరీక్షలోనే తేలుతుంది.

నిప్పుల కుంపటి ఉంటే వేరే కారణం వెతకక్కర్లేదు. పొగ ఆగి నిప్పులు కణకణలాడుతున్నప్పుడూ ఈ వాయువు వస్తూనే ఉంటుంది. కిటికీ ఓరగా తీసినంత మాత్రాన చాలదు. గదిలోకి తేవద్దు.

పొగగొట్టం ఉన్న గ్యాస్ గీజర్, నీలం మంట, మసి లేదు, అయినా తలనొప్పి? మెకానిక్‌లు కూడా దాటేసే కారణం ఇదే: ఎగ్జాస్ట్ ఫ్యాన్. చలికి తలుపులు, కిటికీలు బిగించేస్తాం. వంటింటి చిమ్నీ ఇంట్లో గాలిని బయటికి తోస్తుంది. ఆ లోటు ఎక్కడి నుంచో పూడాలి. తెరిచి ఉన్న దారి గీజర్ పొగగొట్టం ఒక్కటే, కాబట్టి బయటి గాలి దాంట్లోంచి కిందికి దిగుతుంది, పొగ ఇంట్లోకి తిరగబడుతుంది. ఫ్యాన్ వేరే గదిలో ఉన్నా ఇంతే. పగలు కిటికీలు తీసి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది.

పరీక్ష గీజర్ వెలిగించకుండానే చేయొచ్చు. గ్యాస్ వాల్వ్ కట్టేసి, తలుపులు, కిటికీలన్నీ మూసి, ఇంట్లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, వంటింటి చిమ్నీ ఫుల్లుగా వేయండి. గీజర్ పైన పొగగొట్టం మొదలయ్యే సందు దగ్గర అగరుబత్తి పట్టండి. పొగ లోపలికి పీల్చుకుపోకుండా మీ మొహం మీదికి తోసుకొస్తే గీజర్ వాడడం ఆపేయండి. బయటి గాలి వచ్చేలా గోడకు, ఎప్పుడూ మూతపడని జాలీ పెట్టించాలి. సైజు గీజర్ సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. తర్వాత అదే పరీక్ష మళ్లీ చేయండి. అసలు పొగగొట్టమే లేని గీజరైతే జాలీతో సరిపెట్టకండి, బాత్రూమ్‌లోంచి తీసి బయట పెట్టించండి.

పొగగొట్టానికి పక్షిగూడు లాంటివీ అడ్డుపడొచ్చు, ఏడాదికోసారి శుభ్రం చేయించండి. జనరేటర్‌ను ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో పెట్టండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉన్నా మోగలేదా? వెనక ముద్రించిన గడువు చూడండి. టెస్ట్ బటన్ నొక్కితే కూత పెట్టిందంటే బ్యాటరీ, బజర్ పనిచేస్తున్నట్టు మాత్రమే. సెన్సర్ అరిగిపోయి ఉండొచ్చు. గడువు దాటితే కొత్తది కొని, పడగ్గదుల దగ్గర పెట్టండి.