పాత పనిముట్టు ఏ పనిదో గుర్తుపట్టడం – 3వ పాఠం: అరుగుదల

తుప్పు గీకకుండా, నూనె పూయకుండా వస్తువును ఉన్నదున్నట్టు చూడటం, కొలతలు రాసుకోవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి అరుగుదల చూద్దాం. ఈ విద్యకు ఆయువుపట్టు ఇదేనని నా నమ్మకం. ఆకారం చూసి వెంటనే పేరు పెట్టేవారే ఎక్కువగా దారి తప్పుతారు. ఒకే ఆకారం నాలుగు వృత్తుల్లో కనిపించవచ్చు. అరుగుదల మాత్రం చేసిన పనిని బట్టే వస్తుంది.

ఉలితో మొదలుపెడదాం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాత ఇంటి అటక దులిపితే ఉలి దొరకడం అరుదేమీ కాదు. అది వడ్రంగిదా, రాళ్లు కొట్టేవారిదా? ముందు తల చూడండి. రాతి ఉలి మొదలు నుంచి మొన దాకా ఇనుమే. సుత్తె దెబ్బలు పడీ పడీ దాని తల పుట్టగొడుగులా విచ్చుకుని, అంచులు కిందికి మడత పడతాయి. మొన మొద్దుబారినప్పుడల్లా కొలిమిలో కాల్చి, సాగగొట్టి, మళ్లీ పదును పెడతారు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఉలి పొట్టిదవుతుంది. పిడికిట్లో ఇమిడిపోయేంత కురచ ఉలి దొరికితే, పనికిరానిదని పక్కన పడేయకండి. అది ఎంతో రాయి చెక్కి అంత అయింది.

వడ్రంగి ఉలికి చెక్క పిడి ఉంటుంది. పిడి కుళ్లిపోయి ఇనుము ఒక్కటే మిగిలినా, పిడిలోకి దిగిన సన్నని తోక కనిపిస్తుంది. పదును ఒకవైపే ఏటవాలుగా ఉంటుంది, రెండోవైపు చదును. ఆ చదును ముఖం మీద వేలు పెట్టి చూడండి. సానరాయి మీద ఏళ్ల తరబడి రుద్దిన నునుపు తుప్పు కింద కూడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. తోక ఉంది, దాని మీద సుత్తె దెబ్బలూ ఉన్నాయి. అప్పుడేమనాలి? పిడి ఊడిపోయాక ఎవరో దాన్ని గోడకు కన్నం పెట్టడానికో, బండ సందులో దూర్చి లేపడానికో వాడి ఉంటారు. పల్లెలో ఇనుమును ఎవరూ వృథా చేయరు, ఒక పని తీరిపోతే ఇంకో పనికి పెడతారు. అందుకే కమ్మరి ఇచ్చిన రూపాన్ని, తరువాత పడిన దెబ్బలను వేరు చేసి చూడాలి. తోకను సాగగొట్టింది కమ్మరి, అది ఆ వస్తువు మొదటి పనిని చెబుతుంది. దాని మీద తరువాత పడిన గంట్లు మలి బతుకువి. మొదటి పని ఏమిటని అడిగినప్పుడు ఆ గంట్లను లెక్కలోకి తీసుకోకూడదు. నోట్‌బుక్కులో రెండింటినీ వేరువేరు వరుసల్లో రాయండి.

వడ్రంగి చెక్కను చెక్కే బాడిసను చిన్న పార అనుకోవడం కూడా మామూలే. రెండింటి అంచూ పిడికి అడ్డంగానే ఉంటుంది. కానీ బాడిసకు పదును లోపలివైపు, అంటే పట్టుకున్న మనిషి వైపు తీసి ఉంటుంది. పారకు అలా తీర్చిన పదును ఉండదు. మట్టిలో దిగీ దిగీ మూలలు గుండ్రంగా అరుగుతాయి, రేకు నిండా నిలువు గీతలు పడతాయి.

కొయ్య పనిముట్లలో నాకు ప్రాణం నాడె, అంటే మగ్గం మీద నిలువు పోగుల మధ్య అడ్డపోగును అటూ ఇటూ చేరవేసేది. పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక, ఇటు గద్వాల, నారాయణపేట చేనేత ఊళ్లు కదా, అక్కడి ఇళ్లలో పడవ ఆకారపు చెక్కముక్క దొరికితే ఆటబొమ్మ అనుకోకండి. కొసలకు ఇనుప మొనలు తొడిగి ఉంటే అది తాడు లాగితే పరుగెత్తే నాడె. 1733లో ఇంగ్లండులో జాన్ కే పేటెంటు పొందిన పద్ధతి అది. మొనలు లేకపోతే చేత్తో విసిరినదయ్యే అవకాశం ఎక్కువ. తరువాత పక్కనున్న కన్నం చూడండి, వీలైతే భూతద్దంతో. నూలు మెత్తనిదే, అయినా రోజంతా అదే చోట ఒరుసుకుంటుంది. చెక్కలో వెంట్రుకంత సన్నని గాడి పడుతుంది. ఆ గాడి ఉంటే సందేహం అక్కర్లేదు, అది మగ్గమెక్కిన నాడె.

తోలుకు కన్నం పొడిచే ఆరె, దబ్బనం గురించి ఒక్క మాట చాలు. ఆరెకు అరచేత్తో నెట్టే పిడి ఉంటుంది, ఆ పిడి వెనుక కొస నున్నగా మెరుస్తుంది. గోనెసంచులు కుట్టే దబ్బనానికి పిడి ఉండదు, కన్ను ఉంటుంది.

ఊళ్లో పెద్దవారిని అడిగేటప్పుడు ‘తాతా, ఇది ఏమిటి?’ అనకండి. మాట్లాడకుండా వస్తువు చేతికివ్వండి. ఆ పని తెలిసినవారైతే పేరు గుర్తుకు రాకముందే పట్టు కుదురుతుంది. బొటనవేలు ఎక్కడ ఆనిందో, పిడి మీద అరుగుదల అక్కడే ఉందో లేదో చూడండి. పాత ఇనుప సామాను కొనేవారు కిలోల లెక్కన తూచి పట్టుకుపోకముందే ఈ పని చేయాలి.

ఈ వారం అభ్యాసం: ఒక జత వస్తువులు దొరికాయి. ఒకటి పిడి ఉన్న చదునైన చెక్క, ఒక ముఖమే అరిగింది. రెండోది గుప్పిట్లో పట్టే గుండ్రటి రాయి, దాని మీద చిన్న గంటు కూడా లేదు. రెండింటి సందుల్లోనూ సన్నని బంకమట్టి ఎండిపోయి ఉంది. చెక్క, రాయి ఒకదానికొకటి తగలలేదని గుర్తులే చెబుతున్నాయి. వాటి మధ్య ఏముండేదో, ఏ చెయ్యి లోపల, ఏ చెయ్యి బయట ఉండేదో కారణాలతో రాయండి. 4వ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.