బోనస్ డబ్బు విస్కీ పీపాల్లో పెట్టే ముందు

మాగేకొద్దీ విలువ పెరుగుతుందని స్కాట్లండ్‌లో విస్కీ పీపాలను పెట్టుబడి పేరుతో అమ్మి జనాన్ని ముంచినవాళ్ల బాగోతం 2025లో బీబీసీ బయటపెట్టింది. ఒకే పీపాను ఒకరికి మించి అమ్మారు, కొన్నిటికి అసలు విలువకు ఎన్నో రెట్లు లాగారు. ఆ కథనం వచ్చాక కూడా బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఏడాదికి ఇంత గ్యారంటీ" అనే పీడీఎఫ్‌లు తిరుగుతూనే ఉన్నాయి. బోనస్‌లు పడే నెలల్లో మరీ ఎక్కువ. పీపాల గొడవ ఎందుకులే, డిస్టిలరీ షేర్లు కొందాం అనేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ చేసే తప్పు ఒకటే.

అప్పు చేసి షేర్లు కొనకూడదు లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

ఆ తప్పు ఏమిటంటే, ఇవాళ పీపాల్లో ఉన్న లీటర్లను పదేళ్ల తర్వాతి బాటిల్ ధరతో గుణించడం. బ్యాలెన్స్ షీట్‌లో నిల్వల లైను చూసి "ఇది ఖర్చు లెక్కన రాసింది, అసలు విలువ నాలుగింతలు" అంటారు. ఖర్చు, అమ్మితే చేతికొచ్చే మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికే నిల్వను చూపాలన్న అకౌంటింగ్ నియమం ఉన్నమాట నిజమే. కానీ వాళ్ల ఎక్సెల్‌లో లీటర్లు తగ్గవు. పీపాలో తగ్గుతాయి.

స్కాట్లండ్ చలిలో ఏటా 2 శాతం దాకా ఆవిరవుతుంది. మన బెంగళూరులో అమృత్ డిస్టిలరీ చెప్పే లెక్క 10 నుంచి 12 శాతం. ఆ వ్యాపారంలో దీన్ని ఏంజెల్స్ షేర్, అంటే దేవదూతల వాటా అంటారు. 200 లీటర్ల పీపాలో ఏటా 10 శాతం పోతే నాలుగేళ్లకు మిగిలేది 131 లీటర్లు, ఎనిమిదేళ్లకు 86. అమృత్ వాళ్లు ఎనిమిదేళ్లు ఉంచి తీసిన విస్కీకి గ్రీడీ ఏంజెల్స్ (అత్యాశ దేవదూతలు) అని ఊరికే పేరు పెట్టలేదు. అదే స్కాట్లండ్‌లో పన్నెండేళ్ల తర్వాత కూడా 157 లీటర్ల దాకా ఉంటుంది. పైగా మన వేడికి చెక్క సారం త్వరగా దిగుతుంది. ఎక్కువ ఏళ్లు ఉంచితే చెక్క రుచే మిగిలే ప్రమాదం ఉంది. స్కాచ్ వయసు పట్టిక తెచ్చి ఇక్కడి కంపెనీకి అంటించకండి.

ఇక రేపటి ధర. 1983లో స్కాట్లండ్‌లో నిల్వలు పేరుకుపోయి డీసీఎల్ కంపెనీ 11 మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) విస్కీ డిస్టిలరీలు మూసేసింది. ఇప్పుడు అమెరికాలోని కెంటకీలో 1.6 కోట్లకు పైగా పీపాలు మాగుతున్నాయి. అక్కడి తన ప్రధాన డిస్టిలరీలో 2026లో ఉత్పత్తి ఆపుతామని జిమ్ బీమ్ అనే విస్కీ కంపెనీ ప్రకటించింది. అందరూ ఒకే ఏడాది ఆశపడి నింపిన పీపాలు అందరికీ ఒకే ఏడాది అమ్మకానికి వస్తాయి కదా.

మన దేశంలో మద్యం రాష్ట్రాల చేతిలో ఉంది. బిహార్ 2016లో మొత్తంగా నిషేధించింది. ధరలు పెంచలేదని, బకాయిలు రాలేదని 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సరఫరా ఆపింది. అదే ఏడాది జూన్‌లో మహారాష్ట్ర మద్యంపై ఎక్సైజ్ పన్ను పెంచింది. కాబట్టి నిల్వల లైను కన్నా ముందు, రావాల్సిన బకాయిల లైను చదవండి.

కొనే ముందు ఇవి చూసుకోండి:

కంపెనీ అమ్మకాల్లో మాగబెట్టిన మాల్ట్ విస్కీ వాటా ఎంత? మన దగ్గర అమ్ముడయ్యే చవక విస్కీల్లో ఎక్కువ భాగం మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన న్యూట్రల్ స్పిరిటే, అంటే సొంత రుచీ వాసనా దాదాపు లేని ఆల్కహాలే. దానికి వయసు లెక్కలు వేయకండి.

పేరులో డిస్టిలరీ ఉందని కొనకండి. కొన్నిటికి డబ్బు వచ్చేది పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ నుంచి.

నిల్వలు పెరుగుతూ అమ్మకాలు కదలకపోతే ఆగండి.

నిల్వల కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ ఎంతో చూడండి. పీపా మాగినన్నాళ్లూ వడ్డీ నడుస్తుంది.

"అన్‌లిస్టెడ్ షేర్లు (స్టాక్ ఎక్స్ఛేంజీలో లేనివి) ఇప్పిస్తా" అనే మధ్యవర్తికి రూపాయి ఇవ్వొద్దు.

మళ్లీ చెబుతున్నా, నేటి లీటర్లను రేపటి ధరతో గుణించొద్దు. అమ్మే రోజుకు మిగిలే లీటర్లు వేయండి. అందులోంచి గోదాం అద్దె, బీమా, వడ్డీ, పన్ను తీసేయండి.

స్కాచ్ పీపా కొంటుంటే రీగేజ్ రిపోర్టు అడగండి. ఎన్ని లీటర్లు ఉన్నాయో, ఎంత ఘాటు ఉందో అందులో ఉంటుంది. ఘాటు 40 శాతం కిందికి దిగితే దాన్ని స్కాచ్ అని అమ్మడం కుదరదు.

ఆ పీపాను ఇంటికి తెప్పించుకుంటానని కలలు కనకండి. సింగిల్ మాల్ట్ స్కాచ్‌ను స్కాట్లండ్‌లోనే బాటిల్‌లో నింపాలి.

పెట్టుబడికని విదేశాలకు పంపే డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటితే, దాటిన దానిపై 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) కడతారు. ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే.

అల్మారాలో బాటిల్ దాచి వయసు పెంచుతున్నాననుకోకండి. పన్నెండేళ్లది ఎన్నాళ్లున్నా పన్నెండేళ్లదే.

గ్యారంటీ అన్నాడా, ఫోన్ పెట్టేయండి.

బ్రోకర్ ఇచ్చే రంగు సర్టిఫికెట్ యాజమాన్యం కాదు. డెలివరీ ఆర్డర్ (పీపాను మీ పేరుకు మార్చమని అమ్మేవాళ్లు గోదాంకు ఇచ్చే కాగితం) కావాలి, గోదాం వాళ్లు పీపా నంబరుతో సహా మీ పేరు రాసుకున్నట్టు రాతపూర్వకంగా చెప్పాలి. గోదాం నంబరు బ్రోకర్‌ని అడగకండి, మీరే వెతికి ఫోన్ చేయండి. గోదాం నుంచి ఆ రాతకాగితం రాకముందు అడ్వాన్స్ కూడా వద్దు.