ఫిట్స్ వచ్చినప్పుడు పక్కన ఉన్నవారు ఏం చేయాలి, ఏం చూడాలి

నేను ఈఈజీ టెక్నీషియన్‌ని. తలకు తీగలు అంటించి, మెదడులో పుట్టే విద్యుత్తును గీతలుగా రికార్డు చేయడం నా పని. జబ్బేమిటో ఆ గీతలే చెప్పేస్తాయని మా గదికి వచ్చేవారిలో చాలామంది నమ్మకం. అన్నిసార్లూ చెప్పవు. మూర్ఛ ఉన్నవారికి కూడా ఈఈజీ మామూలుగా రావచ్చు. పరీక్ష జరిగే ఆ కాసేపు మెదడు సవ్యంగానే ఉండి ఉంటుంది. డాక్టరు ఎక్కువగా ఆధారపడేది ఫిట్స్ వచ్చినప్పుడు దగ్గరుండి చూసినవారి మాట మీదే. "పడిపోయాడండీ, కొట్టుకున్నాడండీ" అని ఊరుకుంటే ఆయనకు అందేది చాలా తక్కువ.

ముందు చేతులతో చేయాల్సిన పని. మనిషి ఒక్క కేక వేసి, కొయ్యబారి పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే మొదట గడియారం చూడండి. దగ్గరలో పొయ్యి, బల్ల అంచు, గాజు సామాను ఉంటే జరపండి. తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, మెడ దగ్గర గుండీలు వదులు చేసి, వీలైనంత త్వరగా ఒక పక్కకు తిప్పండి. నోట్లో చేరిన చొంగ, నురగ బయటికి కారిపోతాయి. కదలకుండా అదిమి పట్టుకోవద్దు, గాయాలవుతాయి. పళ్ల మధ్య చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టవద్దు. నాలుక మింగేస్తారన్నది ఒట్టి అపోహ, పళ్లు విరగడం మాత్రం నిజం. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు తాగించవద్దు.

ఇక తాళం చెవులు. చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. ఇల్లంతా వెతికి గుత్తి తెచ్చి చేతిలో పెట్టేసరికి ఎలాగూ ఆగిపోతాయి, పేరు ఇనుముకు దక్కుతుంది. ఉల్లిపాయకూ చెప్పు వాసనకూ ఉన్న మహిమ కూడా ఇంతే.

అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా, గర్భిణికి వచ్చినా, నీళ్లలో ఉండగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, ఊపిరి కష్టంగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. జీవితంలో మొదటిసారి వచ్చినప్పుడు ఆగిపోయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం మందు స్ప్రే ఇంట్లో ఉంచుకుని, ఆయన చెప్పిన సమయానికి వాడవచ్చు.

చేతులకు పని అయిపోయాక కళ్లకు పని. ఇంకొకరు ఉంటే ఫోనులో వీడియో తీయమనండి. అందులో ముఖం, రెండు చేతులు కనిపించాలి. ఎక్కడ మొదలైంది? తల, కళ్లు ఏ వైపు తిరిగాయి? పిలిస్తే పలికారా? తర్వాత ఎంతసేపు మగతగా, అయోమయంగా ఉన్నారు? నాలుక పక్క కరుచుకున్నారా, బట్టల్లో మూత్రం పోయిందా? గుడి దగ్గర ఎండలో వరుసలో నిలబడి, చెమటలు పట్టి, పాలిపోయి కూలిపోయిన మనిషి పడుకోగానే నిమిషంలోపు తేరుకుని మామూలుగా మాట్లాడితే అది సొమ్మసిల్లడమే అయి ఉండవచ్చు. అప్పుడు కూడా చేతులు రెండు మూడుసార్లు అదరవచ్చు, దాన్ని చూసి మూర్ఛ అనుకునేవారున్నారు.

ఈ వివరాల్లోంచే రకం తేలుతుంది. మెదడులో ఒకచోట మొదలయ్యేవి ఫోకల్ ఫిట్స్. ఎడమ బొటనవేలు అదరడంతో మొదలైందంటే డాక్టరు చూపు మెదడు కుడివైపుకు పోతుంది. కొందరు పడిపోరు. కళ్లు తెరిచే ఉంటాయి, చప్పరిస్తుంటారు, చొక్కా అంచు నలుపుతుంటారు, పిలిస్తే పలకరు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించేది ఎక్కువగా వీళ్లకే. రెండు వైపులా ఒకేసారి మొదలయ్యేవి జనరలైజ్డ్. అందరికీ తెలిసిన ఆ పెద్ద కొట్టుకోవడం వాటిలో ఒకటి మాత్రమే.

ఆబ్సెన్స్ అని ఇంకొకటుంది. బడిలో "పరధ్యానం" అనిపించుకునే పిల్లలు కొందరు వీళ్లే. మా గదిలో అలాంటి పిల్లలకు కాగితపు గాలిమర ఇచ్చి మూడు నిమిషాలు ఊదమంటాను. గట్టిగా శ్వాస తీసి వదలడం ఈ రకాన్ని రప్పిస్తుంది. ఒక పాప హుషారుగా ఊదుతూ ఊదుతూ ఆగింది. గాలిమర ఇంకా తిరుగుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్పలు సన్నగా కొట్టుకుంటున్నాయి. తెర మీద సెకనుకు మూడు చొప్పున ఎత్తైన అలలు. పది సెకన్లలో అలలు ఆగాయి, పాప మళ్లీ ఊదడం మొదలుపెట్టింది. తను ఆగిన సంగతే ఆమెకు తెలియదు. టీచరు ఫిర్యాదు చదివి పిల్లను కొట్టిన తల్లి పక్కనే నిలబడి ఉంది.

కౌమారంలో పొద్దున్నే లేవగానే చేతులు ఉలిక్కిపడి బ్రష్షో కాఫీ గ్లాసో ఎగిరిపడుతుంటే అది మయోక్లోనిక్ రకం కావచ్చు. నిద్ర తక్కువైతే ఎక్కువవుతుంది. దీన్ని ఎవరూ చెప్పరు, నిద్రమత్తు అనుకుంటారు. కానీ ఈ ఒక్క మాట మందునే మార్చేస్తుంది. ఫోకల్ ఫిట్స్‌కు బాగా పనిచేసే కార్బమజపైన్ ఇలాంటి కుదుపులను, ఆబ్సెన్స్‌ను పెంచవచ్చు. పక్కింటివారి మాత్ర మీకు పనికిరాదనడానికి కారణం ఇదే. తల మీద వేడినీళ్లు పోసుకుంటుండగా వచ్చే రకం కూడా ఉంది, దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో ఎక్కువగా చూశారు. స్నానాల గదిలో పడితే నీళ్ల వేడి ఎంతో కూడా చెప్పండి.

ఫిట్స్ వచ్చిన ప్రతివారికీ మూర్ఛ వ్యాధి ఉన్నట్టు కాదు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో వచ్చేవి ఎక్కువగా అక్కడితో పోతాయి. చక్కెర పడిపోయినా, సోడియం తగ్గినా రావచ్చు. అలాంటి తక్షణ కారణం లేకుండా, 24 గంటలకు పైగా తేడాతో రెండుసార్లు వస్తే మూర్ఛ అంటారు. ఒక్కసారే వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని పరీక్షల్లో తేలితే అప్పుడూ అంటారు. మెదడు స్కానింగులో ఫిట్స్ తెప్పించే బద్దెపురుగు తిత్తి కనిపించిందంటే "మేం మాంసమే ముట్టమండీ" అని వాదించేవారుంటారు. మెదడుకు చేరేది ఆ పురుగు గుడ్లు. పురుగు కడుపులో ఉన్న మనిషి మలం నుంచి నీళ్లకూ, ఆకుకూరలకూ, వంటచేసే చేతులకూ అంటి వస్తాయి.

ఈఈజీకి వచ్చేముందు తలంటుకోండి, నూనె రాయవద్దు. నూనె ఉంటే తీగ నిలవదు, ఆ తల రుద్దడం నా వంతవుతుంది. భోంచేసి రండి. డాక్టరు చెప్పకుండా మాత్ర మాత్రం ఆపవద్దు.

సరైన మందు పడితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెడేది ఎక్కువగా మానేసినచోటే. నెల బాగుందని ఆపినవారికి అంతకుముందుకన్నా పెద్దగా రావచ్చు. సాధారణంగా రెండేళ్లు ఏమీ రాకపోతేనే డాక్టర్లు తగ్గించే మాట ఎత్తుతారు, అదీ నెలల తరబడి కొద్దికొద్దిగా. సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే ఆపరేషను పనికొస్తుందేమో అడగండి. హైదరాబాదు నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర అందుకు పేరున్నవి.

మందు మానడానికి మా దగ్గర వినిపించే పెద్ద కారణం పెళ్లి. సంబంధం కుదిరిందని అమ్మాయి మాత్రల పెట్టె దాచేస్తారు, ముహూర్తం అర్ధరాత్రి పెడతారు. మందూ లేదు, నిద్రా లేదు. ఫిట్స్ పీటల మీదే వస్తాయి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అడ్డంకిగా చెప్పిన మాటను 1999లోనే తొలగించారు. అబ్బాయితో ముందే చెప్పండి. పెళ్లి మాట రాగానే డాక్టరును కలవండి. వాల్‌ప్రోయేట్ వాడుతుంటే గర్భంలోని బిడ్డకు లోపాలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మందు మార్చడానికి నెలలు పట్టవచ్చు, ఫోలిక్ ఆమ్లం కూడా గర్భం రాకముందే మొదలుపెట్టాలి. భయపడి సొంతంగా ఆపడం తల్లికీ బిడ్డకూ కూడా ముప్పే.