రీపర్‌లో (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) 5.1 ప్యానింగ్‌కు, అంటే శబ్దాలను ఆరు ఛానళ్ల స్పీకర్లకు పంచడానికి ముందు ఇవి చూసుకోండి

ఛానళ్ల వరుస ఏదో ఫైలు తీసుకునేవాళ్లను ముందే అడిగి రాసుకోండి. ఎక్కువగా కనిపించే పద్ధతులు రెండు: ఎడమ, కుడి, సెంటర్, ఎల్ఎఫ్ఈ (సబ్‌ఊఫర్‌కు వెళ్లే లోతైన శబ్దాల ఛానల్), వెనక ఎడమ, వెనక కుడి ఒకటి; ఎడమ, సెంటర్, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఎల్ఎఫ్ఈ మరొకటి. రెండో వరుసలో ఇచ్చిన ఫైలును మొదటి వరుసలో తెరిస్తే సెంటర్‌లోని డైలాగు కుడి స్పీకర్లోకి పోతుంది, వెనక ఎడమ శబ్దం సబ్‌ఊఫర్లో గొణుగుతుంది. మీటర్లు మాత్రం మామూలుగానే ఆడతాయి, అందుకే ఇది డెలివరీ అయ్యాకగానీ బయటపడదు. ఒక్కో ఛానల్‌లో దాని పేరు పలికించిన చిన్న ఫైలు ముందు పంపండి.

ట్రాక్, ఫోల్డర్, మాస్టర్ (అన్నీ కలిసే చివరి ట్రాక్), రెండర్ (చివరి ఫైలు తీయడం): నాలుగుచోట్లా 6 ఛానళ్లు పెట్టండి. ఒక్కచోట 2 మిగిలినా మిగతా ఛానళ్లు చప్పుడు లేకుండా రాలిపోతాయి.

ట్రాక్‌లోని ఎఫెక్టుల వరుసలో ప్యానర్ (శబ్దాన్ని స్పీకర్లకు పంచే ప్లగిన్) చివర్లో ఉండాలి. దాని తర్వాత పెట్టిన స్టీరియో కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులను తగ్గించే ప్లగిన్) మొదటి రెండు ఛానళ్లనే పట్టుకుంటుంది.

బేస్‌ను ఎల్ఎఫ్ఈ ఒక్కదానికే వదలకండి. స్టీరియోకి కుదించేటప్పుడు దాన్ని సాధారణంగా పారేస్తారు. ఫోన్లో వినేవాళ్లకు ఆ దెబ్బే ఉండదు.

సెంటర్, వెనక ఛానళ్లను 3 డీబీ తగ్గించి స్టీరియోలో కలిపి, ఒకసారి మోనోలోనూ వినండి.