విమానయాన సంస్థల ఎలైట్ స్టేటస్ సంపాదించడం ఎలా? టికెట్ కొనే ముందే వేసుకోవలసిన లెక్క

ఏ విమానయాన సంస్థలోనైనా ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతా (తరచూ ఎక్కేవారికి ప్రతిఫలమిచ్చే పథకంలో సభ్యత్వం) తెరిచినవారికి రెండు రకాల అంకెలు కనబడతాయి. ఒకటి, ఖర్చుపెట్టి టికెట్ తీసుకోగల మైళ్ళు. రెండవది, ఆ సంస్థ మనకు ఏ హోదా, అంటే ఎలైట్ స్టేటస్, ఇవ్వాలో తేల్చే పాయింట్లు. మొదటివి క్రెడిట్ కార్డు గీసినా, హోటల్లో దిగినా చేరుతూనే ఉంటాయి. రెండవవి చాలా సంస్థల్లో ప్రధానంగా విమానం ఎక్కితేనే వస్తాయి, ఏడాది తిరిగేసరికి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి. ఖాతాలో రెండు లక్షల మైళ్ళు ఉన్నా చెక్-ఇన్ దగ్గర పొడవైన వరుసలోనే నిలబడవలసి వస్తోందేమిటని వాపోయేవారు తరచూ కనిపిస్తారు. వారి మైళ్ళన్నీ మొదటి రకానివి.

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అడ్వాంటేజ్ పథకాన్ని ప్రారంభించినప్పుడు కొలమానం దూరమే: ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళు. ఇప్పుడు అమెరికాలోని మూడు పెద్ద సంస్థలు, అమెరికన్, డెల్టా, యునైటెడ్, దూరాన్ని పక్కనపెట్టి ప్రధానంగా డబ్బును కొలుస్తున్నాయి. డెల్టా 2024 నుంచి స్టేటస్‌ను కేవలం డాలర్ల లెక్క మీద నిర్ణయిస్తోంది. ఎయిర్ ఇండియా 2024లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025లో అదే బాట పట్టాయి. అందువల్ల పదేళ్ళ క్రితం స్టేటస్ సంపాదించిన మిత్రుడు చెప్పే సలహా, ముఖ్యంగా ‘చౌక టికెట్ కొని చుట్టుతిరిగి వెళ్ళు’ అన్న సలహా, నేడు చాలా చోట్ల పనికిరాదు.

మొదట తేల్చుకోవలసినది ఏ సంస్థలో ప్రయాణించాలన్నది కాదు, ప్రయాణాలను ఏ ఖాతాలో జమ చేయాలన్నది. ఈ రెండూ ఒకటి కావు. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ అనే మూడు విమానయాన సంస్థల కూటముల్లో ఏ సభ్య సంస్థ విమానం ఎక్కినా, అదే కూటమిలోని మరో సంస్థ ఖాతాలో జమ చేసుకోవచ్చు. స్టార్ అలయన్స్‌కు చెందిన లుఫ్తాన్సాలో హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అమెరికా వెళ్ళేవారు ఆ ప్రయాణాన్ని లుఫ్తాన్సా ఖాతాలో గానీ, యునైటెడ్‌లో గానీ, ఎయిర్ ఇండియాలో గానీ వేసుకోవచ్చు, కానీ ఒక్కదానిలోనే. ఒక ఏడాది ఖతార్ ఎయిర్‌వేస్‌లో, మరుసటి ఏడాది ఎమిరేట్స్‌లో, ఆపై లుఫ్తాన్సాలో, ఎక్కడ చౌక అయితే అక్కడ కొని, ఎక్కిన ప్రతి సంస్థలోనూ ఒక ఖాతా తెరిచేవారికి చివరకు మిగిలేవి అరడజను ఖాతాలు, అన్నిటిలోనూ అట్టడుగు మెట్టు. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. దేశీయంగా మనం ఎక్కువగా ఎక్కే ఇండిగో కూడా లేదు. వాటిలో సంపాదించిన హోదాకు కూటముల తలుపులు తెరుచుకోవు.

గురి ఏ మెట్టు మీద పెట్టాలి? నా అభిప్రాయంలో రెండవ మెట్టు మీద. సాధారణంగా సిల్వర్ పేరుతో ఇచ్చే మొదటి మెట్టులో దక్కేది చాలా తక్కువ. స్టార్ అలయన్స్ గోల్డ్, వన్‌వరల్డ్ సఫైర్ స్థాయికి చేరితే బిజినెస్ క్లాస్ చెక్-ఇన్ వరుస, లౌంజ్ ప్రవేశం, వెంట ఒక అతిథి, ముందుగా విమానం ఎక్కే వీలు లభిస్తాయి. స్టార్ గోల్డ్‌కు పెట్టెలను లెక్కించే మార్గాల్లో ఒక పెట్టె, బరువును తూచే మార్గాల్లో 20 కిలోలు అదనం. అమెరికా వెళ్ళే తెలుగు కుటుంబాలకు లౌంజ్‌లోని ఇడ్లీ కన్నా ఈ అదనపు పెట్టే విలువైనదని వేరే చెప్పనక్కర లేదు. ఆవకాయ జాడీలు, పొడులు సర్దుకునేది అందులోనే.

ఇక అసలు లెక్కకు వద్దాం. యునైటెడ్ సంస్థ 2025 నిబంధనల ప్రకారం సిల్వర్‌కు 15 విమానాలు, పీక్యూపీ అనే హోదా పాయింట్లు 5,000 కావాలి. విమానాల సంఖ్య చాలకపోతే 6,000 పాయింట్లు ఉండాలి. గోల్డ్‌కు 30 విమానాలు, 10,000 పాయింట్లు, లేదా 12,000 పాయింట్లు. ప్లాటినమ్‌కు 45 విమానాలు, 15,000 పాయింట్లు. వీటిలో కనీసం నాలుగు విమానాలు యునైటెడ్ స్వయంగా నడిపేవి అయి ఉండాలి. యునైటెడ్ దగ్గర కొన్న టికెట్‌లో ప్రభుత్వ పన్నులు పోగా మిగిలిన ప్రతి డాలర్‌కు ఒక పాయింటు వస్తుంది.

డల్లాస్‌లో ఉండే ఒక ఉద్యోగి చికాగో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వచ్చి వెళ్ళాడనుకుందాం. అవి ఆరు విమానాలు. పన్నులు పోగా టికెట్ 1,100 డాలర్లయితే 1,100 పాయింట్లు. ఏడాదిలో రెండుసార్లు వచ్చినా 12 విమానాలు, 2,200 పాయింట్లే; సిల్వర్ కూడా రాదు. ఇదే మనిషి కన్సల్టెంట్‌గా ప్రతి సోమవారం క్లయింట్ ఊరికి వెళ్ళి గురువారం తిరిగి వస్తూ, ఏడాదికి 40 వారాలు తిరిగితే, అవి 80 విమానాలు. ఒక్కో రానుపోను టికెట్ 300 డాలర్లయితే 12,000 పాయింట్లు. డబ్బు కట్టేది కంపెనీ అయినా స్టేటస్ మాత్రం ప్రయాణికుడిదే. గోల్డ్ సులభంగా వచ్చింది. హైదరాబాద్ ప్రయాణం ఒకటి కలిపినా 13,100 దగ్గరే ఆగాడు కాబట్టి, విమానాలు ఎన్ని ఎక్కినా ప్లాటినమ్ రాలేదు.

ఆ పాయింట్లు కూడా టికెట్ ఎవరి దగ్గర కొన్నారన్న దానిని బట్టి మారతాయి. టికెట్ నంబరులోని మొదటి మూడు అంకెలు చూడాలి: 016 అయితే యునైటెడ్ జారీ చేసినది, 220 అయితే లుఫ్తాన్సాది. విమానం ఒకటే, సీటు ఒకటే అయినా, 220 టికెట్‌ను యునైటెడ్ ఖాతాలో వేసుకుంటే డాలర్ల లెక్క ఉండదు. దూరాన్నీ బుకింగ్ క్లాసునూ బట్టి వచ్చే మైళ్ళను ఐదుతో భాగించి పాయింట్లు ఇస్తారు. వెయ్యి మైళ్ళు వస్తే 200 పాయింట్లన్న మాట.

బుకింగ్ క్లాసు అంటే టికెట్ మీద ఎకానమీ అన్న మాట పక్కన ఉండే ఒక్క ఇంగ్లీషు అక్షరం. ఒకే వరుసలో కూర్చున్న ముగ్గురి అక్షరాలు వేరుగా ఉండవచ్చు. ఒకరికి దూరమంతా జమ అయితే, ఇంకొకరికి అందులో కొద్ది శాతమే, మూడవవారికి ఏమీ కాకపోవచ్చు. నేను ఒకసారి ఈ అక్షరం చూసుకోకుండా, పేరు అనవసరమైన ఒక సంస్థలో చౌకగా దొరికిందని దూరప్రయాణపు టికెట్ కొని, భాగస్వామి ఖాతాలో జమ కోసం నెల రోజులు ఎదురుచూశాను. వచ్చిన జవాబు సున్నా. కొనే ముందు మనం జమ చేయదలచిన సంస్థ వెబ్‌సైట్‌లో, భాగస్వాముల పేజీకి వెళ్ళి, ఆ అక్షరానికి ఎంత శాతమో చూసుకోవడం ఐదు నిమిషాల పని. కోడ్‌షేర్ విమానాల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. టికెట్ మీది నంబరు ఒక సంస్థది, ఎగిరే విమానం మరొకరిది అయినప్పుడు దేనిని బట్టి జమ చేస్తారో అదే పేజీలో ఉంటుంది.

అందరి పద్ధతీ యునైటెడ్‌ది కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మార్చి 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు లెక్కించి, 40,000 లాయల్టీ పాయింట్లకు గోల్డ్, 75,000కు ప్లాటినమ్ ఇస్తుంది. పేరు ప్లాటినమ్ అయినా వన్‌వరల్డ్‌లో అది సఫైరే. మామూలు సభ్యుడికి డాలర్‌కు ఐదు పాయింట్లు కనుక టికెట్ల మీద 8,000 డాలర్లు పెడితే గోల్డ్. సంస్థ కార్డుతో చేసే ఖర్చుకు డాలర్‌కు ఒక పాయింటు చొప్పున ఇదే లెక్కలో చేరుతుంది కాబట్టి, అసలు విమానం ఎక్కకుండానే ఇక్కడ హోదా తెచ్చుకునేవారు ఉన్నారు. ఖతార్ ఎయిర్‌వేస్‌లో 12 నెలల్లో క్యూపాయింట్లు అనే హోదా పాయింట్లు 150కు సిల్వర్, 300కు గోల్డ్, 600కు ప్లాటినమ్; గోల్డ్ అంటే సఫైర్. ఎమిరేట్స్‌లో సిల్వర్‌కు 25,000 టియర్ మైళ్ళు (హోదా లెక్కకు వచ్చేవి) లేదా 25 విమానాలు, గోల్డ్‌కు 50,000 లేదా 50 విమానాలు. దుబాయి మీదుగా అమెరికా వచ్చి వెళితే నాలుగు విమానాలే అవుతాయి కనుక, విమానాల లెక్కన సిల్వర్ రావాలంటే ఏడాదికి ఏడుసార్లు రావాలి. ఆ 25 విమానాల దారి హైదరాబాద్, దుబాయిల మధ్య నెలకోసారికి మించి తిరిగే వ్యాపారులకు నప్పుతుంది. ఫ్లైదుబాయ్ ప్రయాణాలు కూడా అందులో కలుస్తాయి.

ఆస్ట్రేలియాలో ఉండేవారికి సింగపూర్ ఎయిర్‌లైన్స్ సహజమైన దారి. అక్కడ 12 నెలల్లో 50,000 ఎలైట్ మైళ్ళకు గోల్డ్, అంటే స్టార్ గోల్డ్. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా మెల్‌బోర్న్‌కు రానుపోను దాదాపు 11,600 మైళ్ళు. దూరమంతా జమ అయినా ఐదుసార్లు తిరగాలి. లైట్ అనే చౌక టికెట్‌కు సగమే వస్తుంది కనుక తొమ్మిదిసార్లు.

ఒకే కూటమిలోని రెండు ఖాతాల మధ్య ఒక విచిత్రమైన తేడా ఉంది. యునైటెడ్ గోల్డ్ సభ్యుడు అమెరికాలో ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్ళేటప్పుడు యునైటెడ్ క్లబ్ లౌంజ్‌లోకి వెళ్ళలేడు; ఎయిర్ ఇండియా గోల్డ్ కార్డు ఉన్న ప్రయాణికుడు అదే విమానం ఎక్కుతూ లోపల కాఫీ తాగవచ్చు. అమెరికా లోపలే ఎక్కువగా తిరిగేవారు ఖాతా ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే సొంత సంస్థ సభ్యులకే ఇచ్చే ఉచిత అప్‌గ్రేడ్లు అప్పుడు వదులుకోవలసి వస్తుంది.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరుతో వస్తుంది. ఖాతాలో ఇంటిపేరు ముందు, టికెట్‌లో వెనుక ఉన్నా, పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో పడి అమెరికా వీసాలో మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వచ్చినా, పాయింట్లు తమంతట తాము జమ కావు. ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయాలి. జమ కాని ప్రయాణాన్ని తరువాత అడిగి వేయించుకునేందుకు గడువు ఉంటుంది గానీ, దానికి టికెట్ నంబరు, బోర్డింగ్ పాస్ కావాలి. అందుచేత పాయింట్లు ఖాతాలో కనబడేదాకా బోర్డింగ్ పాస్ పారేయకూడదు. ఫోనులో ఉన్నదైతే తెరచిత్రం తీసి దాచుకోవాలి.

కాలం లెక్క కూడా లాభనష్టాలను మార్చేస్తుంది. యునైటెడ్‌లో 2026 మార్చిలో గోల్డ్ చేరితే 2028 జనవరి 31 దాకా ఉంటుంది. అదే డిసెంబరులో చేరితే అప్పటికే తొమ్మిది నెలలు పోయినట్టు. కాబట్టి పెద్ద ప్రయాణాలను ఏడాది మొదట్లో పెట్టుకోగలిగితే మంచిది. ఏడాది చివర కొద్ది పాయింట్లు తక్కువైనప్పుడు వాటి కోసమే ఒక ప్రయాణం చేసేవారున్నారు. ఇంకా దక్కని మెట్టు విలువ రాబోయే ఏడాదిలో నిజంగా చేయబోయే ప్రయాణాలను బట్టి లెక్కగట్టి, అది టికెట్ ధర కన్నా ఎక్కువైతేనే ఆ పని చేయాలి. ఒక సంస్థలో ఇప్పటికే హోదా ఉన్నవారు పోటీ సంస్థను స్టేటస్ మ్యాచ్, అంటే దానికి సమానమైన హోదా, అడిగి చూడవచ్చు; సాధారణంగా అది కొద్ది నెలలకే ఇస్తారు, ఆ లోపల కొన్ని విమానాలు ఎక్కి నిలబెట్టుకోవాలి.

ఏడాదికోసారి స్వదేశానికి వచ్చి వెళ్ళే కుటుంబానికి ఈ శ్రమ అంతా దండగే. వారు చౌకగా, వీలుగా ఉన్న విమానం ఎక్కి, వచ్చిన మైళ్ళను మాత్రం కుటుంబ ఖాతాలో కలుపుకుంటే చాలు. ఎమిరేట్స్, ఖతార్ రెండూ కుటుంబ సభ్యుల మైళ్ళను ఒకచోట చేర్చుకోనిస్తాయి. స్టేటస్ పాయింట్లను మాత్రం చేర్చుకోనివ్వవు. కొడుకుకు ఎంత పెద్ద కార్డు ఉన్నా, తల్లిదండ్రులు విడిగా ప్రయాణించే రోజున దానివల్ల వారికి ఒరిగేది లేదు. వారి కోసం టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ కోరడం, రెండు పెట్టెలు అనుమతించే ఛార్జీ ఎంచుకోవడం, మధ్యలో ఒక్కసారి మాత్రమే విమానం మారేలా చూడడం చేయాలి.