ఇంటి ప్లాన్ షార్ట్‌ఫాల్‌లో ఆగిందా? గోదావరి డెల్టాలో కారణం ఎక్కడుంటుందో చూడండి

ప్లాన్ ఆన్‌లైన్‌లో పెట్టాక 'షార్ట్‌ఫాల్' అని, అంటే కాగితమో వివరమో తక్కువైందని మెసేజ్ వస్తే చాలామంది గీసిన ఇంజనీరునే అనుమానిస్తారు. అమలాపురమైనా భీమవరమైనా, ఫైలు ఎక్కువగా ఆగేది ఇంటి గీతల దగ్గర కాదు, స్థలం దగ్గర. టౌన్ ప్లానింగ్ వాళ్లు ముందు స్థలం ఎవరిది, దారి ఎంత, నీరు ఎంత దూరం అని చూస్తారు. గదులూ సెట్‌బ్యాక్‌లూ (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ) ఆ తర్వాతే. మీరూ అదే వరసలో వెతకండి.

సమస్య: కాలువ పక్క స్థలం, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెమ్మన్నారు

మన దగ్గర అందరికంటే ఎక్కువమందికి తగిలేది ఇదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా పంట కాలువలూ మురుగు కాలువలూ అల్లుకున్నాయి. కాలువకు దూరంగా స్థలం దొరకడమే కష్టం. 2017 భవన నిబంధనల ప్రకారం కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు ఖాళీగా వదలాలి. ఈ దూరాన్ని నీటి అంచు నుంచి కొలవడంతోనే చిక్కు మొదలవుతుంది. కొలవాల్సింది రికార్డులో ఉన్న కాలువ హద్దు నుంచి. గట్టు కూడా చాలాచోట్ల ప్రభుత్వానిదే.

ముందు సచివాలయం సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం హద్దు వేయించండి. మెరక తోలించకముందే ఈ పని కావాలి, లేకపోతే సర్వే రాళ్లు మట్టి కింద పడిపోతాయి. తర్వాత అది పంట కాలువా, మురుగు కాలువా తేల్చుకోండి. రెండూ జలవనరుల శాఖవే అయినా చూసే ఆఫీసులు వేరు. భీమవరం దగ్గరి యనమదుర్రు డ్రెయిన్ (మురుగు కాలువ) పక్క స్థలానికి పంట కాలువల ఆఫీసులో అర్జీ పెడితే కాగితం తిరుగుతూనే ఉంటుంది. ఎన్‌ఓసీ వచ్చాక వదిలిన జాగాని సైట్ ప్లాన్‌లో కొలతతో సహా చూపించి, ఎల్‌టీపీ (ప్లాన్ పెట్టే లైసెన్సు ఉన్న ఇంజనీరు) చేత మళ్లీ అప్‌లోడ్ చేయించండి. ఆ జాగాలో ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు కూడా వద్దు. ఈ రూలు మనల్ని వేధించడానికని నేననుకోను. పూడిక తీసే పొక్లెయిన్ నడవాలన్నా ఆ జాగా ఉండాలి. పూడిక తీయని డ్రెయిన్ తుపానుకి ఎన్ని ఊళ్లను ముంచుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

సముద్రం వైపు, అంతర్వేది లాంటి చోట్ల తీర ప్రాంత నిబంధనలు కూడా చూసుకోవాలి.

సమస్య: లేఅవుట్ అనధికారం అన్నారు

వరి చేనో కొబ్బరి తోటో ముక్కలు చేసి, రోడ్లకీ పార్కుకీ సరిగ్గా జాగా వదలకుండా అమ్మేసిన చోట ఇలా వస్తుంది. రిజిస్ట్రేషన్ అయింది కదా అంటారు. రిజిస్ట్రేషన్ వేరు, లేఅవుట్ అనుమతి వేరు. క్రమబద్ధీకరణ పథకం నడుస్తుంటే అందులో దరఖాస్తు చేయండి. లేదంటే ఓపెన్ స్పేస్ చార్జీలు కట్టి ప్లాన్ తెచ్చుకునే వీలుందేమో సచివాలయంలోని ప్లానింగ్ సెక్రటరీని అడగండి. సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చే నిబంధనలు ఈమధ్య మారాయి కాబట్టి పాత నాలా (భూమార్పిడి పన్ను) లెక్కలు నమ్ముకోకుండా ఇప్పటి ఫీజు ఎంతో కనుక్కోండి. ఇంకా కొనని వాళ్లయితే ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు చూడకుండా బయానా ఇవ్వకండి.

సమస్య: విస్తీర్ణం కలవడం లేదు

దస్తావేజులో సెంట్లు, ప్లాన్‌లో చదరపు మీటర్లు ఉంటాయి. 5 సెంట్లంటే 242 గజాలు, సుమారు 202 చదరపు మీటర్లు. మార్చేటప్పుడు తప్పు పడితే సరిచేస్తే చాలు. స్థలమే తక్కువుంటే ఉన్న కొలతతోనే ప్లాన్ గీయించండి. దస్తావేజులో హద్దు తప్పు పడితే సవరణ దస్తావేజు కావాలి. రీసర్వే అయిన ఊళ్లలో కొత్త ఎల్‌పీఎం (భూకమత పటం) నంబరుకీ పాత సర్వే నంబరుకీ పొంతన చూపే కాగితం కూడా జతచేయండి.

సమస్య: వీధి సన్నం అన్నారు

రోడ్డు వెడల్పుకి వదలాల్సింది ప్లాన్‌లో చూపించి, సెట్‌బ్యాక్ అక్కడి నుంచి కొలవాలి.

సమస్య: 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందన్నారు

దీన్ని ప్లాన్ మార్చి దాటలేరు. డీ-పట్టా భూమైతే, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమైతే, 1977 అసైన్డ్ భూముల చట్టం అడ్డు రావచ్చు. పొరపాటున జాబితాలోకి ఎక్కి ఉంటే పాత దస్తావేజులతో తహసీల్దారు ఆఫీసు నుంచి మొదలుపెట్టాలి. అది తేలేదాకా ఇంటి మీద రూపాయి పెట్టకండి.

సమస్య: ఏ కబురూ లేదు

దరఖాస్తులో ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి. ఎల్‌టీపీ నంబరే ఉంటే షార్ట్‌ఫాల్ సంగతి మీదాకా రాదు. మీ నంబరు పెట్టించండి, అడిగినవన్నీ ఒకేసారి జవాబివ్వండి. ఒక్కో కాగితం విడిగా పంపితే ఫైలు ప్రతిసారీ మళ్లీ వరసలో నిలబడుతుంది.