నడుము ఆపరేషన్ తర్వాత బరువులు ఎత్తడం ఎలా మొదలుపెట్టాలి?

నడుము ఆపరేషన్ అయినవాళ్ల చేత మళ్లీ బరువులు ఎత్తించడం నా పని. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా చాలా జిమ్‌లలో ఒకటే తప్పు చూస్తున్నాను. ఆపరేషన్ అయిందని చెప్పగానే ట్రైనర్ లెగ్ ప్రెస్ మెషీన్ మీద కూర్చోబెట్టి, "అన్నా, దీంతో నడుం మీద లోడ్ పడదు" అంటాడు. పడుతుంది. మోకాళ్లు ఛాతీ దగ్గరికి వచ్చేసరికి పిరుదులు సీటు మీంచి లేస్తాయి, నడుము కింది భాగం గుండ్రంగా వంగిపోతుంది. బరువంతా నెట్టేది ఆ వంగిన నడుముతోనే. డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఆపరేషన్ అయినవాళ్లు తప్పించుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

ముందు సర్జన్ అనుమతి. మైక్రోడిస్కెక్టమీ, అంటే డిస్క్‌లో బయటికి పొడుచుకొచ్చిన ముక్కని తీసేసే ఆపరేషన్ అయితే మామూలుగా 6 వారాల దాకా వంగొద్దు, బరువులెత్తొద్దు, నడుము తిప్పొద్దు అంటారు. ఫ్యూజన్, అంటే వెన్నుపూసల్ని ఒకదానికొకటి అతికించే ఆపరేషన్ అయితే 3 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎముక పూర్తిగా అతుక్కోవడానికి 6 నుంచి 12 నెలలు పట్టొచ్చు. మీ సర్జన్ చెప్పిన గడువే మీకు లెక్క, పక్కింటాయన ఎన్నాళ్లకు జిమ్‌కి వెళ్లాడన్నది కాదు. "ఎక్సర్‌సైజ్ చెయ్యొచ్చా?" అని అడిగితే "మెల్లగా చేసుకోండి" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏ తేదీ నుంచి, ఎన్ని కిలోల దాకా, ఎంత వంగొచ్చు అని అడిగి చీటీ మీద రాయించుకోండి.

అప్పటిదాకా నడక. చదునైన చోటు కావాలి, నెక్లెస్ రోడ్డు బాగుంటుంది. కాలు లాగకుండా అరగంట నడవలేనివాళ్లు డంబెల్ ముట్టుకోకూడదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక మ్యాట్, మాప్ కర్ర, మోకాలి ఎత్తు స్టూలు, 4 కిలోల డంబెల్ లేదా కెటిల్‌బెల్ (పైన పిడి ఉండే ఇనుప గుండు). నడుముకి బెల్టు వద్దు. ఆపరేషన్ తర్వాత డాక్టరు వేసుకోమన్న బెల్టు సంగతి వేరు, నేనంటున్నది జిమ్ బెల్టు గురించి. బూట్లు కూడా విప్పేయండి.

సర్జన్ అనుమతిచ్చాక మొదటి కొన్ని వారాలు బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒకవైపు చెయ్యి, రెండోవైపు కాలు చాచడం), మోకాళ్ల మీద సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒంటిని లేపి ఉంచడం), పడుకుని పిరుదులు పైకెత్తే బ్రిడ్జ్. ఒక్కో భంగిమలో 10 సెకన్లు ఆగి, ఊపిరి వదులుతూ ఉండండి. సిట్‌అప్స్ చెయ్యొద్దు. పొట్ట తగ్గడానికైనా సరే, వద్దు.

ఇప్పుడు అసలు పని, తుంటి దగ్గర వంగడం. ఇది వచ్చేదాకా చేతిలో బరువు పట్టుకోకూడదు. దీనికి రెండు వారాలు పట్టినా, రెండు నెలలు పట్టినా అంతే.

మాప్ కర్రని వెనక నిలువుగా పట్టుకోండి. ఒక చెయ్యి మెడ వెనక, ఇంకో చెయ్యి నడుము వెనక. కర్ర మూడు చోట్ల తగలాలి: తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మధ్య ఉండే ఎముక దగ్గర. మోకాళ్లు కొంచెం సడలించి, పిరుదుల్ని వెనక్కి తొయ్యండి. చేతుల్లో సామాన్లుంటే కారు డోరుని వెనక్కి జరిగి పిరుదులతో మూస్తాం కదా, అలా. ఛాతీ దానంతటదే ముందుకి వాలుతుంది. తొడల వెనక కండరం సాగినట్టు తెలియాలి. తెలియడం లేదంటే నడుముతో వంగుతున్నారని అర్థం.

చాలామంది ఇక్కడే చెడగొడతారు. కొందరికి మోకాళ్లు ముందుకొచ్చి గుంజీలు తీసినట్టవుతుంది. వాళ్లు గోడవైపు వీపు తిప్పి, జానెడు దూరంలో నిలబడి, పిరుదులతో గోడని తాకడం సాధన చెయ్యాలి. తాకడం తేలికైతే ఇంకొంచెం ముందుకి జరగాలి. కొందరు అద్దంలో చూసుకుంటూ తల పైకెత్తుతారు, కర్ర తలని వదిలేస్తుంది. అందుకే నేను అద్దం ముందు నేర్పించను. చూపు రెండు మీటర్ల దూరంలో నేల మీద ఉండాలి. ఇంకొందరు నేల దాకా వంగితేనే పూర్తయినట్టనుకుంటారు. కర్ర ఏ క్షణంలో ఒక్క చోట వదిలినా ఆ రోజుకి మీ లోతు అంతే, మోకాలి పైనే ఆగినా సరే. ఊపిరి బిగబట్టొద్దు. పైకి లేచేటప్పుడు వదలండి.

పొద్దున లేచిన గంటలోపు ఈ సాధన వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఐదున్నరకే జిమ్‌కి పరిగెత్తే అలవాటున్నవాళ్లు సాయంత్రానికి మార్చుకోవాల్సిందే.

"ఆపరేషన్ అయింది కాబట్టి జన్మలో డెడ్‌లిఫ్ట్ (వంగి కింద ఉన్న బరువుని ఎత్తి నిలబడే వ్యాయామం) వద్దు" అనే సలహా నాకు అసలు నచ్చదు. నీళ్ల బబుల్ ఎత్తేది ఎవరు? అది 20 లీటర్లు, అంటే 20 కిలోల పైమాటే. పాపని ఎత్తుకోకుండా ఉంటారా? సరిగా వంగడం నేర్పకుండా భయం మాత్రమే నేర్పితే ఆ మనిషి ఎప్పుడో ఇంట్లో అడ్డదిడ్డంగా వంగి దెబ్బతింటాడు.

కర్రతో 10 సార్లు తప్పులేకుండా వచ్చాక బరువు. నేల మీంచి కాదు, స్టూలు మీంచి. 4 కిలోలు, 8 సార్లు, రెండు విడతలు, వారంలో రెండు రోజులు. బరువు ఒంటికి ఆనుకుని ఉండాలి. చేతులు చాచిన కొద్దీ అదే బరువు నడుము మీద చాలా రెట్లు పడుతుంది. ఇంకో మూడు సార్లు చెయ్యగలం అనిపించినప్పుడే ఆపేయండి. మర్నాడు కండరం నొప్పి ఉంటే ఫర్వాలేదు. నడుము నుంచి పిరుదుకీ, కాలికీ నొప్పి దిగితే వెనక్కి వెళ్లి కర్రతోనే చెయ్యండి. మర్నాటికీ తగ్గకపోతే సర్జన్‌కి చెప్పండి.

కాళ్ల మధ్య మొద్దుబారినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, మూత్రం తెలియకుండానే కారిపోయినా, పాదం పైకి లేవకపోయినా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకూడదు. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర కారినా అదే రోజు సర్జన్‌కి చూపించండి.

రెండు వారాలు ఇబ్బంది లేకపోతే రెండు కిలోలు పెంచండి, లేదా స్టూలు ఎత్తు తగ్గించండి. రెండూ ఒకేసారి వద్దు. ఫ్యూజన్ అయినవాళ్లు నేల దాకా దిగాలా వద్దా అన్నది సర్జన్‌తో తేల్చుకోవాలి. నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలుంటుంది. ఆ బరువు మీ లెక్కలోకి వచ్చేదాకా డెలివరీ అబ్బాయి చేతే వంటింట్లో పెట్టించుకోండి.